వెయికో చెప్పని మడుగు

పెరట్లో మంచు ఇంకా మోకాలి లోతు ఉండగానే వెయికో కాంగస్ వంటింటి బల్ల మీద మ్యాపు పరిచేశాడు. ఇక మార్చి నెలంతా ఆ బల్ల మీద భోజనానికి చోటు లేదు. గాలాలు, సీసం గుళ్ళు, టెంటు తాళ్ళు, నూనె పట్టించిన గొడ్డలి. ఏప్రిల్ ఆఖరి శనివారం ట్రౌట్ చేపల వేట మొదలవుతుంది. మిషిగన్ ఉత్తరపు కొసన ఉన్న ఆ అడవి ఊళ్ళో ఆ రోజున పెళ్ళి పెట్టుకుంటే పెళ్ళికొడుకే రాడు.

"ఈసారి ఆటర్ క్రీక్," అన్నాడు వెయికో, మ్యాపు మీద వేలు గుచ్చి.

పక్కింటి క్లైడ్ పెరో ఆ బల్ల దగ్గరే కూర్చుని వాళ్ళ కాఫీయే తాగుతున్నాడు. "ఒక్కడివేనా?"

"నిన్ను తీసుకెళ్తే నీ నోరు చూసి చేపలు పారిపోతాయిరా."

"నువ్వు ఆటర్ క్రీక్ అన్నావంటే అటు తప్ప ఎటైనా పోతావు."

"పోయి వెతుక్కో."

ఇద్దరూ నవ్వారు. వెయికో భార్య హిల్యా కూడా నవ్వింది. తాను చేపలు పట్టే వాగు పేరు నిజం చెప్పే మగాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. ఒంటరి ప్రయాణం కూడా అందుకే. రెండో మనిషి వెంట ఉంటే చోటు బయటపడుతుంది.

ఆమె ఒక్కటే అడిగింది. "ఆదివారం భోజనానికి వస్తావా?"

"వస్తా. పాస్టీలు చేసి ఉంచు."

ఆదివారం మాంసం కూరి కాల్చిన పాస్టీలు పొయ్యి మీదే చల్లారిపోయాయి. శనివారం మధ్యాహ్నం మొదలైన మంచు తుఫాను ఆదివారం దాకా ఆగలేదు. సోమవారం షెరీఫ్ మనుషులు, ఊళ్ళో మగవాళ్ళు కలిసి ఆటర్ క్రీక్ రెండు గట్లూ గాలించారు. చిన్న విమానం ఒకటి అడవి మీద చక్కర్లు కొట్టి వెళ్ళింది. మంగళవారం పొద్దున షెరీఫ్ కింది డిప్యూటీ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, అక్కడ టైరు జాడ కూడా లేదు. ఆయన నిజంగా అటే వెళ్ళారా?"

హిల్యా తల అడ్డంగా ఊపింది. "లేదు," అంది.

"మరెక్కడికి?"

ముప్పై ఏళ్ళ కాపురం. మనిషి చొక్కా కొలత తెలుసు, నిద్రలో కలవరించే మాటలు తెలుసు. ఇది మాత్రం తెలియదు.

"మీకు ఏదైనా గుర్తొస్తే కబురు చేయండి," అన్నాడు డిప్యూటీ. మూడు రాత్రుల చలి గురించి అతను ఏమీ అనలేదు. అననక్కర్లేదు కూడా.

అతను వెళ్ళాక హిల్యా సింకు అంచు పట్టుకుని నిలబడింది. వెయికో తెచ్చిన ప్రతి చేపనీ ఆమె ఇక్కడే కోసింది. ఆటర్ క్రీక్ చేపలు ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ చూసింది. ఇసుక వాగు చేపలు, వెండిలా తెల్లగా ఉంటాయి. వెయికో చేపలు అలా ఉండవు. బీవర్లనే నీటి జంతువులు కొమ్మలతో కట్ట కట్టి ఆపిన మడుగులో, డికాషన్ లాంటి నల్లటి నీళ్ళలో పెరిగినవి. వీపు బొగ్గు, పొట్ట నిప్పు. అలాంటి చేపలు ఆమె మరెవరి చేతిలోనూ చూడలేదు.

చూసింది. ఒక్కసారి.

ఆమె కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా పక్కింటికి పరుగెత్తింది.

క్లైడ్ పొయ్యి ముందు తడి బూట్లు ఆరబెడుతున్నాడు. అతని భార్య ఓపల్ సూప్ కలుపుతోంది.

"పోయిన జూన్‌లో ఓపల్ మణికట్టు విరిగినప్పుడు," అంది హిల్యా, "నువ్వు చేపల బుట్ట తెచ్చి నా చేతికిచ్చావు, కోసిపెట్టమని."

"అయితే?"

"నల్ల వీపు. ఎర్ర పొట్ట."

క్లైడ్ బూటు ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. "అలాంటివి చాలా చోట్ల దొరుకుతాయి."

"నాకు చేపలు పట్టడం రాదు క్లైడ్. కోయడం వచ్చు. అవి వెయికో మడుగులోవి. నువ్వు అతని వెనకే వెళ్ళి చోటు చూసుకున్నావు. మా బల్ల దగ్గర కూర్చుని, మా కాఫీ తాగి, మా చేపలే తెచ్చి నా చేత కోయించావు. అదంతా నాకక్కర్లేదు. చోటు చెప్పు."

ఓపల్ గరిటె పక్కన పెట్టింది. "ఏవయ్యా, నిజమేనా?"

"తల్లీ, అతనక్కడ లేడు," అన్నాడు క్లైడ్ నేల చూపులు చూస్తూ. "నిన్న పొద్దున వీళ్ళందరికంటే ముందు వెళ్ళి చూసొచ్చా. దారి చివరిదాకా వెళ్ళా. బండి లేదు. ఉంటే చెప్పనా? నేనంత పాపినా?"

"బండి కనపడదు. కొమ్మలు కొట్టి కప్పేస్తాడు. ఏటా బండి మీంచి స్ప్రూస్ చెట్ల ఆకులు ఊడ్చేది నేనే. గొడ్డలి తీసుకెళ్ళేది వంటచెరుకు కోసమనుకున్నావా?"

క్లైడ్ ముఖంలో నెత్తురు లేదు. విమానం కూడా ఆ మడుగు మీదుగానే వెళ్ళింది, దానికీ ఏమీ కనపడలేదు. అతను తడి బూట్లే తొడుక్కున్నాడు.

"ఓపల్, షెరీఫ్‌కి ఫోన్ చెయ్. పాత రైలు కట్ట దగ్గర మలుపు, ఎడమ దారి. అంబులెన్స్‌ని రోడ్డు మీదే ఆగమను, లోపలికొస్తే కూరుకుపోతుంది."

మంచులో జారకుండా టైర్లకి గొలుసులు కట్టి ఇద్దరూ బయల్దేరారు. కలప లారీలు వేసిన దారి, దాన్నీ మంచు మింగేసింది. రెండుసార్లు బండి కూరుకుపోయింది. రెండుసార్లూ హిల్యా పార తీసుకుని దిగింది. దారి చివర చెట్ల మధ్య మంచు దిబ్బ ఒకటుంది. క్లైడ్ నిన్న దాన్ని చూశాడు, దిబ్బే అనుకున్నాడు. హిల్యా రెండు చేతులతో కొమ్మలు లాగింది. కింద వెయికో బండి ఆకుపచ్చ తలుపు.

లోపల మనిషి లేడు.

మడుగు వైపు దిగితే టెంటు మంచు బరువుకి కుంగిపోయి ఉంది. అందులో వెయికో, దుప్పట్లన్నీ చుట్టుకుని. కుడి కాలు మోకాలి కింద వంకర తిరిగి ఉంది. బీవర్ కట్ట మీద కాలు దిగబడి విరిగితే పాక్కుంటూ వచ్చినట్టున్నాడు. పెదాలు నీలం. వణుకు కూడా ఆగిపోయింది. అది అన్నిటికంటే చెడ్డ గుర్తు.

"వెయికో. కళ్ళు తెరువు."

తెరిచాడు. భార్యని చూశాడు. ఆమె భుజం మీదుగా క్లైడ్‌ని చూశాడు. ఆ చూపు అక్కడ ఆగింది.

"వీడికి... ఎలా తెలుసు?"

తర్వాత కళ్ళు మూతపడ్డాయి.

టెంటు గుడ్డ మీద పడుకోబెట్టి లాక్కుంటూ క్లైడ్ బండికి చేర్చారు. హిల్యా అతన్ని ఒళ్ళో వేసుకుని కోటు కప్పింది. చెంప మీద కొట్టినా చలనం లేదు. ఊపిరి అందీ అందనట్టుంది. రోడ్డు ఇంకా చాలా దూరం.

వెయికోని ఈ లోకంలోకి లాగగలిగింది ఇందాక ఒక్కటే, తన చోటు క్లైడ్‌కి తెలిసిపోయిందన్న ఉక్రోషం.

"క్లైడ్, చెప్పు," అంది.

"ఏం చెప్పను?"

"ఈ మడుగులో నువ్వు దొంగిలించిన చేపలు. ఒక్కొక్కటీ. గట్టిగా చెప్పు."

క్లైడ్ స్టీరింగ్ మీదికి వంగాడు. "ఒరే వెయికో... ఆరేళ్ళుగా వస్తున్నానురా. మొదటి ఏడు కట్ట కింద రెండు పట్టా. పడిపోయిన దేవదారు పక్కన ఇంకోటి."

వెయికో కనురెప్ప కదిలింది.

"ఇంకా," అంది హిల్యా.

"మరుసటి ఏడు నువ్వు జ్వరంతో పడుకున్నప్పుడు వారమంతా నేనిక్కడే ఉన్నా. సంచి నిండింది. నీకు సూప్ తెచ్చిచ్చి మళ్ళీ ఇక్కడికే వచ్చా."

"దొంగ..." పెదాల మీద మాట గాలిలా వచ్చింది.

"అవునురా, దొంగనే. తిట్టు." క్లైడ్ కళ్ళు తుడుచుకుంటూ, బండి నడుపుతూ, చేప తర్వాత చేప ఒప్పుకున్నాడు. రైలు కట్ట ఇంకా కనపడలేదు. చేపలు అయిపోయాయి. వెయికో తల హిల్యా చేతిలో బరువుగా వాలింది.

"ఆపకు," అంది ఆమె. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "లేకపోతే అబద్ధం చెప్పు. మీ ఇద్దరికీ అది బాగా వచ్చు."

"పోయిన సెప్టెంబరులో," అన్నాడు క్లైడ్, "ఒకటి పట్టా. మూరన్నర పొడుగు. చేయి దూర్చేంత నోరు."

టైరు గొలుసుల చప్పుడే.

వెయికో పెదాలు కదిలాయి. హిల్యా చెవి దగ్గర పెట్టింది.

"ఆ మడుగులో," అన్నాడు, ఒక్కో మాటా ఎక్కడో లోతునుంచి లాగుతూ, "అంత పెద్దవి... లేవు."

ముందు చెట్ల సందున అంబులెన్స్ ఎర్ర దీపం తిరుగుతోంది.

"ఉన్నాయి," అంది హిల్యా. "వాదించు."