తుప్పు పట్టని గుండె

క్రీస్తుదాసు పాల్వంచ థర్మల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు పైపులతో కుస్తీపట్టి రిటైరైన ఫిట్టరు. అందుకే, గుండెకు స్టెంట్ వేశాక డాక్టరు చెప్పిన మాటల్లో సగం తనకు ముందే తెలుసనుకున్నాడు. రక్తనాళం అంటే పైపు, స్టెంట్ అంటే లోపల తొడిగిన గొట్టం. ఇక ఫోన్ వీడియోలో ఎవరో తెల్లకోటాయన, నల్లద్రాక్ష రసంలో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయని, అవి ఒంటికి తుప్పు పట్టనివ్వవని చెప్పగానే మిగతా సగమూ తెలిసిపోయింది. తుప్పు సంగతి దాసుకు ఇంకొకరు చెప్పాలా!

ఇంట్లో ద్రాక్షరసానికి కొదవ లేదు. ములకలపల్లి దగ్గర వాళ్ల ఊరి చర్చిలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభు సంస్కారం ఇస్తారు, అంటే అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. అందుకు కావలసిన రసం తీసేది దాసు భార్య విశ్రాంతమ్మ. పండ్లు ఉడికించి, పలుచని గుడ్డలో వడగట్టి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడుతుంది. పద్దెనిమిదేళ్లలో ఆ రసానికి ఒక్కరూ వంక పెట్టలేదు. దాసు రోజూ పొద్దున్నే ఆ సీసాలోంచి ఒక గ్లాసు లాగించి, తగ్గిన మేరకు నీళ్లు కలిపేవాడు. డాక్టరిచ్చిన గోలీలు మాత్రం మానేశాడు. గోలీ మింగితే రోగినని గుర్తొస్తుంది, రసం తాగితే ఫిట్టరునే అనిపిస్తుంది. నాలుగడుగులు గట్టిగా వేస్తే ఆయాసం వస్తోంది. తుప్పు వదిలేటప్పుడు ఆ మాత్రం ఉంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆదివారం రానే వచ్చింది. సంఘపెద్దగా దాసు ట్రే పట్టుకుని నిలబడ్డాడు. జస్టిన్ పాస్టరు చిన్న చిన్న గ్లాసుల్లోకి రసం వంచితే, అది రంగుబట్ట జాడించిన నీళ్లలా దిగింది.

ముందు వరసలో కూర్చున్న ముత్తక్క పక్కామె చెవిలో గుసగుసలాడింది. ముత్తక్క గుసగుస అంటే ఆఖరి వరస దాకా వినబడుతుంది.

"ఈసారి విశ్రాంతమ్మ పండ్లు బాగా పొదుపు చేసినట్టుంది."

విశ్రాంతమ్మ తల దించుకుంది. దాసు అది చూశాడు. తప్పు మనసులో పెట్టుకుని ఆ గ్లాసు ముట్టకూడదన్నది అక్కడి కట్టడి. ముట్టకుండా వదిలేస్తే, పెద్దమనిషి ఏ ఘోరం చేశాడోనని సాయంత్రానికల్లా ఊరు నాలుగు కథలు అల్లుతుంది.

"అయ్యగారూ, ఆమె తప్పేం లేదు. రసం నేనే తాగిన. నీళ్లు కలిపిన."

"ఎందుకు దాసన్నా?" అన్నాడు పాస్టరు బిత్తరపోయి.

"గుండెకు మంచిదంట. తుప్పు పట్టదంట."

చర్చి చర్చంతా నవ్వింది. గండం గడిచిందని దాసు కూడా నవ్వబోయాడు. విశ్రాంతమ్మ మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"మరి గోలీలు?"

దాసు ట్రేలోకి చూశాడు.

"నిన్నే అడుగుతున్న. ఏసుకుంటున్నవా, లేదా?"

"మానేసిన. పదిహేను రోజులైంది."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"రసం తాగితే తాగినవ్, ఇంకో సీసా తీసేదాన్ని. ఆపరేషన్ నాడు దవాఖానా మెట్ల మీద ఒక్కదాన్నే కూసొని ఎంత ఏడ్సిన్నో నీకు తెలుసా? మళ్ల గట్ల కూసోబెడ్తవా నన్ను?"

తాను పోతే ఈ మనిషి ఏమైపోతుందోనని దాసుకు అప్పుడు భయమేసింది. స్టెంట్ వేసిన రోజు కూడా అంత భయపడలేదు.

విశ్రాంతమ్మ బైబిలు కవరు జిప్పు లాగింది. దవాఖానా నుంచి ఇంటికొచ్చిన రోజు మొదలు, ఎందుకైనా మంచిదని ఒక గోలీల షీటు అందులో పెట్టుకునే తిరుగుతోంది. ఒక గోలీ తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ముత్తక్క తన నీళ్ల సీసా అందించింది.

"రేపు పొద్దుగాలనే డాక్టర్ దగ్గరికి పోతున్నం. ముందు ఇది మింగు."

దాసు మింగి, బుద్ధిగా ట్రేలోని గ్లాసు వైపు చెయ్యి చాచాడు. విశ్రాంతమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నోరు తెరువు. మింగినవో లేదో చూడాలె."

సంఘమంతా చూస్తుండగా సంఘపెద్ద నోరు తెరిచాడు.