బండి ఎవరు నడిపారు

2002 జూన్ నాటికి శ్రీదివ్యకు పదిహేడేళ్ళు నిండి ఏడు నెలలు. ఎంసెట్ రాసి ర్యాంకు కోసం ఎదురుచూస్తోంది. మచ్చ బొల్లారంలో వాళ్ళ వీధిలో ఆడపిల్ల కారు నడపడం ఎవరూ చూసి ఎరుగరు. ఆ ముచ్చట ఆమెకంటే వాళ్ళ నాన్న పట్టాభిరామయ్యకే ఎక్కువ. ఏలూరు నుంచి వచ్చి జీడిమెట్లలో ఓ మందుల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తూ ఇరవై ఏళ్ళు గడిపిన మనిషి, ఆ వేసవిలోనే సెకండ్‌హ్యాండ్ మారుతి కొన్నాడు. కొన్నాడే గాని ఆయనకు డ్రైవింగ్ రాదు. ఫ్యాక్టరీ వ్యాను నడిపే మహేందర్ ఆదివారాలు వచ్చి కారు బయటికి తీసేవాడు.

మహేందర్‌ది శామీర్‌పేట పక్కన పల్లె. ఇరవై నాలుగేళ్ళవాడు. అతనికి ఆ ఉద్యోగం వేయించింది పట్టాభిరామయ్యే.

"మా అమ్మాయికి కూడా నేర్పించవయ్యా," అన్నాడాయన ఓ ఆదివారం.

"దివ్యమ్మకు పద్దెనిమిది నిండలే గద సార్. ఎల్లెల్లార్ ఇయ్యరు."

"లైసెన్స్ ఉందిగా. పదహారుకే నేను సంతకం పెట్టి తీయించాను."

"అది మోపెడ్‌కు సార్. గేర్లు లేని బండికి. కారుకు నడువది."

"ఇంకో అయిదు నెలలేగా. ఊళ్ళోకి తేవద్దు. చెరువు వైపు ఖాళీ రోడ్ల మీద తిప్పు. పక్కన నువ్వుంటావు, ఇంకేం?"

మహేందర్ తాళాలు అందుకున్నాడు. పై అధికారి మాటకు రెండుసార్లు ఎదురు చెప్పడం అతనికి అలవాటు లేదు. శ్రీదివ్య అప్పటికే చెప్పులు వేసుకుని కారు దగ్గర నిలబడింది.

మూడు ఆదివారాలు బాగానే గడిచాయి. నాలుగో ఆదివారం పొద్దున శామీర్‌పేట చెరువు అవతల ఇరుకు రోడ్డు మీద ఆమె మూడో గేరులో వస్తోంది. ఎదురుగా ఇసుక లారీ కనిపించింది. "ఎడమకు దియ్యి, బ్రేక్ వెయ్యి," అన్నాడు మహేందర్. ఎడమకు తిప్పింది. బ్రేకు అనుకుని తొక్కింది యాక్సిలరేటర్. కారు రోడ్డు దిగి తుమ్మచెట్టు వైపు దూకింది. చెట్టు కింద గంపలో నేరేడు పళ్ళు పెట్టుకుని కూర్చున్న సాలమ్మ అనే ముసలామె లేవబోయింది. మహేందర్ హ్యాండ్‌బ్రేక్ గుంజాడు. కారు గంపను తొక్కి, ఆమె కాలిని చెట్టు మొదలుకు అదిమి ఆగింది.

ఆ క్షణంలో సాలమ్మ అద్దంలోంచి శ్రీదివ్య ముఖంలోకే చూసింది. ఇద్దరి మధ్య రెండు గజాల దూరం కూడా లేదు.

మహేందరే కారు వెనక్కి తీసి, ఆమెను ఎత్తి వెనకసీట్లో పడుకోబెట్టి సికింద్రాబాదులో ఆసుపత్రికి చేర్చాడు. దారంతా శ్రీదివ్య ముసలామె తలను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. సాలమ్మ ఏడవలేదు. "నా గంప, నా గంప," అంటూనే ఉంది.

ఫోను అందుకుని పట్టాభిరామయ్య స్కూటరు మీద వచ్చాడు. డాక్టరు మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగిందన్నాడు. కేసు రాయించాలి, పోలీస్‌స్టేషన్‌కు వెళ్ళాలి. స్టేషన్ ఎదుట టీ బండి దగ్గర పట్టాభిరామయ్య మహేందర్‌ను పక్కకు పిలిచాడు. శ్రీదివ్య రెండడుగుల దూరంలో నిలబడి ఉంది.

"చూడు మహేందర్. అమ్మాయి నడిపిందని రాస్తే, లైసెన్స్ లేదని ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులు దులుపుకుంటారు. అప్పుడా ముసలామె గతేంటి? నువ్వు నడిపావంటే కాగితాలన్నీ సక్రమంగా ఉంటాయి. ఆమెకు రావాల్సింది వస్తుంది. బెయిలూ అదీ నేను చూసుకుంటాను."

మహేందర్ గ్లాసు కింద పెట్టాడు. "నేను ఆర్టీసీకి పెట్టుకున్న సార్. పోయిన నెలనే హెవీ లైసెన్స్ చేతికొచ్చింది. యాక్సిడెంట్ కేసుంటే తీసుకోరంటరు."

"చిన్న కేసయ్యా. వాళ్ళు పిలిచేలోగా కొట్టేస్తారు." ఆయన గొంతు తగ్గించాడు. "ఫ్యాక్టరీలో నీ గురించి చెప్పేటప్పుడు నీ మీద నమ్మకంతోనే కదా చెప్పాను."

ఆ చివరి మాట ఎందుకు అన్నాడో శ్రీదివ్యకు తెలిసింది. మహేందర్‌కూ తెలిసింది. అతను ఆమె వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆమె ఏమైనా అంటుందేమోనని చూశాడు, అంతే. ఆమె తల వంచుకుని చున్నీకి అంటిన నేరేడు మరకను గోటితో గీకసాగింది. నాన్న చెప్పింది ఆ ముసలామె మంచికే కదా అని మనసులో అనుకుంది. అలా అనుకోవడం సులువుగా ఉంది.

లోపల హెడ్‌కానిస్టేబుల్ అడిగాడు, "బండి ఎవరు నడిపిన్రు?"

"నేనే సార్," అన్నాడు మహేందర్.

ఆ రాత్రి వాళ్ళమ్మ లలితకుమారి దేవుడి ముందు రెండో దీపం వెలిగించి, "నీ పేరు ఎక్కడా రాలేదు, అదే పదివేలు," అంది. శ్రీదివ్య అన్నం సగంలో వదిలేసి లేచింది.

మూడోరోజు సాలమ్మ వాంగ్మూలం తీసుకోవడానికి కానిస్టేబుల్ ఆసుపత్రికి వస్తున్నాడని తెలిసి పట్టాభిరామయ్య కూతుర్ని వెంటబెట్టుకు వెళ్ళాడు. చేతిలో బ్రెడ్డు, బత్తాయిలు. సాలమ్మ కాలికి కట్టు వేసి పైకి వేలాడదీశారు. పక్కన ఆమె కొడుకు ఓదెలు. చెరువులో చేపలు పట్టే మనిషి, అక్కడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"పోరి నడిపింది సారూ," అంది సాలమ్మ. "గీ పోరే. నేను సూసిన."

కానిస్టేబుల్ రాయడం ఆపాడు. "అవ్వా, నీ ఎడమ కంట్ల పొర ఉన్నట్టుంది. మంచిగ కానొస్తదా?" అని కిటికీ దాకా వెనక్కి నడిచి వేళ్ళు చూపించాడు. "ఎన్ని?"

"రెండు."

అతను చూపించింది మూడు. పక్క మంచం మీది మనిషి నవ్వాడు.

"డ్రైవరే ఒప్పుకున్నంక నీకెందుకే అమ్మా," అన్నాడు ఓదెలు మెల్లగా.

సాలమ్మ అతని మాట పట్టించుకోలేదు. శ్రీదివ్య వైపు తల తిప్పింది. "బిడ్డా, నువ్వే జెప్పు. స్టీరింగ్ కాడ కూసున్నది నువ్వు గాదా?"

పట్టాభిరామయ్య బత్తాయిల సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"కాదవ్వా," అంది శ్రీదివ్య. "నేను పక్కన కూర్చున్నాను."

అంత తేలిగ్గా ఆ మాట తన నోటి నుంచి వస్తుందని ఆమె అనుకోలేదు. సాలమ్మ ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత ఆ చూపు సడలిపోయింది. "గట్లనా. అయితే నా కండ్లే ఖరాబైనయ్ బిడ్డా," అని బొటనవేలు చాచింది. కానిస్టేబుల్ సిరా పూసి ముద్ర వేయించుకున్నాడు.

ఇంటికి వెళ్ళే దారిలో స్కూటరు వెనక కూర్చుని శ్రీదివ్య తండ్రి భుజం మీద చెయ్యి వేయలేదు. ఎప్పుడూ వేసేది.

నవంబరులో పద్దెనిమిది నిండాయి. అప్పటికి గండిమైసమ్మ అవతల ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది. కారు వైపు చూడాలని ఉండేది కాదు. కానీ నాన్న పట్టుబట్టి ఎల్లెల్లార్ తీయించాడు. "ఇప్పుడైనా అన్నీ పద్ధతిగా చేద్దాం," అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయనే తడబడి, వెంటనే పేపరు తెరిచాడు.

జనవరిలో టెస్టుకు వెళ్ళినప్పుడు, గ్రౌండులో డ్రైవింగ్ స్కూలు కారు దగ్గర మహేందర్ కనిపించాడు. ఫ్యాక్టరీ మానేశాడని ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

"దసరా ముంగటనే మానేసిన," అన్నాడు. "ఆర్టీసీ వాళ్ళు పిలిచిన్రు. కేసేమన్న ఉందా అని ఒక కాలమ్ ఉండె. ఉందని రాసిన. ఇంటికి పొమ్మన్నరు."

"నాన్నగారికి చెప్పలేదా?"

"చెప్పిన. మళ్ళొక్కసారి పెట్టుకొమ్మన్నరు." అతను కారు అద్దం మీద దుమ్ము తుడిచాడు. "ఇగ సార్‌ను దినాం చూసుకుంట ఆడ చేయబుద్ధి కాలే."

అంతలో ఆమె పేరు పిలిచారు. "ఎనిమిది అంకె తీరుగ బండి తిప్పమంటడు దివ్యమ్మ," అన్నాడు మహేందర్ వెనక నుంచి. "క్లచ్ మీద కాలు ఉంచు. తొందరపడకు."

అతను చెప్పినట్టే చేసింది. పాసయింది. ఇన్‌స్పెక్టర్ "మంచిగా నేర్చుకున్నావమ్మా, ఎవరు నేర్పారు?" అని అడిగాడు. జవాబు చెప్పకుండా దిగిపోయింది. వెనక్కి వచ్చేసరికి మహేందర్ వేరే కుర్రాడితో వెళ్ళిపోయాడు. ఆ రోజైనా అతన్ని వెతికి పట్టుకుని మాట్లాడవలసింది. మాట్లాడలేదు. రేపు, వచ్చే వారం, పరీక్షలు అయ్యాక అనుకుంటూ ఇంకో ఏడాది గడిపింది. ఎవరైనా "శ్రీదివ్య చాలా నిజాయితీ మనిషి" అంటే ఆమె మాట మార్చేది.

2004 వేసవిలో నష్టపరిహారం కేసు విచారణకు వచ్చింది. సాలమ్మ తరఫున ఓదెలు వేయించిన కేసు. మహేందర్ సాక్ష్యం చెప్పాలి. పట్టాభిరామయ్య అతన్ని ఇంటికి పిలిపించి, వకీలు ఏమడిగితే ఏం చెప్పాలో హాల్లో కూర్చోబెట్టి వల్లె వేయించాడు. లోపలి గదిలో శ్రీదివ్య విన్నది. "నేనే నడిపిన సార్, దివ్యమ్మ పక్కన కూసున్నది," అని మహేందర్ మూడుసార్లు అన్నాడు. మూడోసారికి అతని గొంతులో ప్రాణం లేదు.

మర్నాడు కాలేజీకని బయలుదేరి ఆమె శామీర్‌పేట బస్సెక్కింది. దారి అడుగుతూ సాలమ్మ ఇల్లు చేరింది. సాలమ్మ గడప మీద కర్ర పక్కన పెట్టుకుని కూర్చుంది. వాకిట్లోకి అడుగు పెట్టగానే, "కారు పోరివి గదా," అంది.

శ్రీదివ్య నేల మీద కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నేరుగా చెప్పేసింది. "అవ్వా, ఆ రోజు బండి నేనే నడిపాను. ఆసుపత్రిలో నీకు అబద్ధం చెప్పాను."

సాలమ్మ కర్ర మీద చెయ్యి వేసింది. "అయితే నేను సూసింది నిజమేనా?"

"నిజమే అవ్వా."

"రెండేండ్లాయె బిడ్డా. ఇంట్ల నా మాట ఎవ్వరు ఇంటలేరు. కోడలు బియ్యంల రాళ్ళు గూడ ఏరనిస్తలేదు, నీకు కానరాదు తియ్యంటది. నేను గూడ నమ్మిన. దేన్ని సూసినా, ఇది గదేనా కాదా అని అనుమానం." ఆమె చేత్తో కన్ను తుడుచుకుంది. ఏడుపో పొరో తెలియలేదు.

శ్రీదివ్య ఆమె కాళ్ళు పట్టుకోబోయింది. సాలమ్మ కాలు వెనక్కి తీసుకుంది.

"నాకెరుకైన ముచ్చటనే నాకు జెప్పవడితివి. ఎరుక లేనోళ్ళకు పోయి జెప్పు."

విచారణ రోజు మహేందర్ బోనులో నిలబడ్డాడు. ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు అప్పుడే ప్రశ్నలు మొదలుపెట్టాడు. వెనక బెంచీలో శ్రీదివ్య లేచి, "అయ్యా, అతను కాదు, నేను నడిపాను," అంది. జడ్జిగారు మొదట కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. ఎవరమ్మా నువ్వని అడిగి, చివరికి ఆమెను సాక్షిగా పిలిపించారు. వయసు ఎంత, అప్పుడు లైసెన్స్ ఉందా, ఎవరు నడపమన్నారు అని వరసగా అడిగారు. అన్నిటికీ చెప్పింది. "ఎవరు నడపమన్నారు" దగ్గర ఒకసారి ఆగి, "మా నాన్నగారు వద్దనలేదు. నేను ఎలాగూ నడిపేదాన్ని," అంది. ముందు బెంచీలో తండ్రి వీపు కదల్లేదు.

బయట వరండాలో కంపెనీ వకీలు ఆమె దగ్గరికొచ్చి, "చాలా ధైర్యవంతురాలివమ్మా. ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలెక్కడున్నారు," అన్నాడు. కంపెనీకి మేలు జరిగిందని ఆయనకు సంతోషం. ఆ మెచ్చుకోలు విని శ్రీదివ్యకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. నాలుగడుగుల దూరంలో మహేందర్ చొక్కా చేతులు దించుకుంటున్నాడు. ఆమె వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సాలమ్మకు ఏమీ రాదేమోనని భయపడింది గాని, అలా కాలేదు. పరిహారం ముందు కంపెనీయే చెల్లించాలని, తర్వాత కారు యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని తీర్పు వచ్చింది. పట్టాభిరామయ్య కారు అమ్మేశాడు. లైసెన్స్ లేని పిల్లకు బండి ఇచ్చినందుకు జరిమానా కట్టాడు. మహేందర్ మీది పోలీసు కేసు ఆ చలికాలంలో కొట్టేశారు.

ఇంట్లో లలితకుమారి చాన్నాళ్ళు కూతురితో ముభావంగా ఉంది. పట్టాభిరామయ్య అసలు మాట్లాడలేదు. ఓ ఆదివారం పొద్దున ఆయనే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "మహేందర్ ఎక్కడుంటున్నాడో నీకు తెలుసా?" అన్నాడు.

టెస్టు రోజు స్కూలు కారు మీద చదివిన ఊరు పేరు శ్రీదివ్యకు గుర్తుంది. ఇద్దరూ బస్సులో మేడ్చల్ వెళ్ళారు. డ్రైవింగ్ స్కూలు ముందు మహేందర్ బానెట్ ఎత్తి నీళ్ళు పోస్తున్నాడు. వీళ్ళను చూసి సీసా పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. పట్టాభిరామయ్య అతని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. దారి పొడుగునా ఆయన పెదవులు కదలడం శ్రీదివ్య చూసింది. చెప్పవలసింది కూడబలుక్కుంటున్నాడని తెలుసు.

"టిఫిన్ చేశావా?" అన్నాడాయన.

"అయింది సార్," అన్నాడు మహేందర్.

ఆయన తల ఊపాడు. కళ్ళద్దాలు తీసి కండువాతో తుడవసాగాడు.

"అన్నా, మమ్మల్ని క్షమించమని అడగడానికి వచ్చాం," అంది శ్రీదివ్య. "ఆ రోజు స్టేషన్ దగ్గరే నేను చెప్పాల్సింది."

మహేందర్ ఇద్దరినీ చూశాడు. "కేసు పోయింది దివ్యమ్మ. నౌకరీ గూడ పోయింది. ఇప్పుడు మళ్ళ పెట్టుకుందామంటే ఆర్టీసీల భర్తీలు లేవు," అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు, ఓదార్పూ లేదు. ఇంతలో నేర్చుకునే మనిషి వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుని హారన్ కొట్టాడు. మహేందర్ బానెట్ మూసి, "సార్‌కు ఎండ దలుగుతున్నది. లోపల కుర్చీ ఉంది, కూసోమను. గంటల వస్త," అని పక్క తలుపు తెరిచాడు.

వాళ్ళు లోపలికి వెళ్ళి కూర్చున్నారు. గంట సేపూ లేచి వెళ్ళిపోలేదు.