సగం మందికి చేరిన కబురు

మీనాంబాళ్ పోయాక కూడా కోసపాళయంలోని ఆ ఇంట్లో కుట్టుమిషన్ ఆగలేదు. పాత చీరలతో ఆమె మొదలుపెట్టిన బొంతల పనిని కూతురు ప్రీతి అందుకుంది. అమ్మకమంతా ఇంటర్నెట్‌లోనే. సైట్ తెరవగానే మీనాంబాళ్ నవ్వుతున్న ఫోటో, దాని కింద "ఈ బొంతలు మా అమ్మ కుడుతుంది" అన్న మాట ఉండేవి.

ఆ మాట తీసేయడానికి ప్రీతికి మనసు రాలేదు. సైట్ పని చూసే భానుప్రకాష్ యానాం నుంచి వచ్చి ఇందిరా నగర్‌లో ఆఫీసు పెట్టుకున్నాడు. మంచివాడే గానీ, ఏ బాధకైనా టెస్టింగే మందు అనుకునే రకం.

"రెండు పేజీలూ పెడదామండి. వచ్చినవాళ్ళలో సగం మందికి పాతది చూపిద్దాం, మిగతా సగానికి అమ్మగారు లేరని చెప్పేది. ఏది చూసి ఎక్కువమంది కొంటే దాన్నే ఉంచుదాం."

తేల్చే బాధ తనకు తప్పుతుందని ప్రీతి సరేనంది. కొత్త పేజీ కూడా అతన్నే రాయమంది.

నెల తిరిగాక అతను సంబరంగా ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాడు. "అమ్మగారు ఉన్న పేజీకి రెట్టింపు ఆర్డర్లండి! అదే గెలిచింది."

పక్కన పేపరు చదువుతున్న ప్రీతి నాన్న భక్తవత్సలం తలెత్తాడు. "ఏంది గెలిచేది?"

ప్రీతి అంతా చెప్పింది. ఆయన ముఖం నల్లబడింది.

"అంటే మీ అమ్మ చనిపోయిందని సగం మందికి చెప్పినారు, సగం మందికి చెప్పలా?"

"అది టెస్టింగ్ నాయనా..."

"ఏంది టెస్టింగ్? ఆ పొద్దు ఒక్క ఇల్లు విడవకుండా కబురు చెప్పొచ్చినా. ఆమె కుట్టింది కప్పుకొని పండుకొనేవాళ్ళు మనకేమీ కారా?"

ఈ వీధుల్లో పెళ్ళికి పిలవకపోతే అలుగుతారు. చావు కబురు చెప్పకపోతే మాత్రం సంబంధమే తెంచుకుంటారు. అది భానుప్రకాష్ గ్రాఫులో యాడా లేదు.

"నిజం చెబితే అమ్మకాలు పడిపోతాయండి," అన్నాడతను నెమ్మదిగా.

"పడనీండి. ఆ పాత పేజీ తీసేయండి," అంది ప్రీతి. "కొన్నోళ్ళందరికీ నేనే రాస్తా."

అతను వెళ్ళాక కంప్యూటర్ ముందు కూర్చుంది. పేరు, నమస్కారం రాసింది. ఆపైన వేళ్ళు కదల్లేదు. ఆ మాట ఇంతవరకూ తను ఎవరితోనూ అనలేదు. బంధువులకు నాన్న చెప్పాడు, సైట్‌లో భానుప్రకాష్ రాశాడు.

ప్రీతి వెనక్కి తిరిగింది.

"నాయనా, అమ్మ పోయింది."

భక్తవత్సలం పేపరు పక్కన పెట్టాడు.

"అవును పాపా," అన్నాడు, అప్పుడే విన్నట్టు.