సీలున్న సిలిండరు

చిలకలూరిపేట మొత్తానికి ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఒక్కటే ఉండేది. మంటలార్పే సిలిండరూ ఒక్కటే. ప్రతి లారీలోనూ ఈ రెండూ ఉండి తీరాలని హైదరాబాదులో కూర్చుని రూలు పెట్టారు. ఏటా లారీకి బ్రేకు చేయించే రోజున, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని బ్రేకినస్పెక్టరు సంతకం పెట్టే రోజున, తప్పకుండా ఉండేవి కూడా. ఇమ్మానియేలు మెకానిక్ షెడ్డులోంచి ఎరువు నగల్లా వచ్చి, సాయంత్రానికి అక్కడికే వెళ్ళిపోయేవి. సిలిండరులో ఏముందో ఎవరికీ తెలియదు. దాని మెడకు తీగ చుట్టి వేసిన సీసం సీలు మాత్రం చెక్కుచెదరలేదు, కావలసింది కూడా అదే. ఎనిమిదేళ్ళలో నలుగురు ఇనస్పెక్టర్లు బదిలీ అయ్యారు గాని సిలిండరు మాత్రం కదల్లేదు.

సొంత లారీ తోలుకునే ఇమాం హుస్సేన్ కూడా అందరిలాగే ఆ పెట్టెను ఎరువు తెచ్చుకున్నవాడే, బావమరిది వాసిం పోయేదాకా. నల్లపాడు దగ్గర పత్తి లారీ తిరగబడి వాసిం తొడ చీలింది. కట్టు కట్టడానికి జానెడు గుడ్డ కోసం జనం వెతుక్కునేలోపు నెత్తురంతా పోయింది. ఆ రోజు పెట్టె తోటి డ్రైవరు యలమంద లారీ ఎక్కి బ్రేకుకు వెళ్ళింది. వాసిం లారీలో పెట్టె ఉన్నట్టు కాగితం మాత్రం భేషుగ్గా ఉంది. విచారణకు వచ్చినాయన ఆ కాగితం చూసి, లోపమేమీ లేదని రాసుకుని వెళ్ళిపోయాడు.

"నా తమ్ముడు చచ్చింది కాగితం మీద కాదు. ఆ పెట్టె మన లారీ ఎక్కిన రోజు నేను ఇంట్లో ఉండను," అంది ఇమాం భార్య ఖుర్షిదా. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. ఒక సీజనంతా మిరపకాయలకు తొడిమలు తీసి, మండే వేళ్ళను మజ్జిగలో ముంచుకుంటూ, ఆ కూలితో కొత్త పెట్టె, నిండు సిలిండరు కొనిపించింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని షెడ్డులో నవ్వారు. ఇమాంకి సిగ్గేసింది. లోలోపల గర్వంగానూ ఉంది.

బ్రేకు గడువు ఒక్కరోజులో తీరిపోతుందనగా ఇమాం లారీ కడిగి, నిమ్మకాయల దండ కట్టి, నరసరావుపేట రోడ్డెక్కాడు. ఎల్లుండి నుంచి మిల్లుకు పత్తి తోలాలి. సంతకం పడకపోతే ఆ లోడు ఇంకొకడిది, లారీ సీజనంతా ఇంటిముందు కోళ్ళకు నీడ.

సగం దారిలో ఒక జీపు ముందు భాగం భగ్గున మండుతోంది. పక్కన ఒకాయన కాలిన చెయ్యి ఊదుకుంటూ గంతులేస్తున్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే సాక్షాత్తు బ్రేకినస్పెక్టరు చైతన్యకృష్ణ గారే. జీపు ప్రభుత్వానిది కాబట్టి అందులో సిలిండరు లేదు.

ఇమాం ముందూ వెనకా ఆలోచించలేదు. సీలు తెంచి, సిలిండరులోని పొడంతా ఇంజను మీద గుమ్మరించాడు. మంట చచ్చింది. పెట్టె తెరిచి ఆయన చేతికి మందు రాసి, కట్టు కట్టాడు. ఇదే కట్టు ఆనాడు వాసింకి కట్టి ఉంటేనా అనుకుంటూ ముడి ఇంకాస్త బిగించాడు. ఇనస్పెక్టరు గారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. నీలాంటివాడు జిల్లాలో లేడని రెండుసార్లు చెప్పి, ఆ లారీలోనే ఎక్కి బ్రేకు మైదానానికి వచ్చారు.

మైదానంలో దిగి కుర్చీలో కూర్చోగానే ఆయన మళ్ళీ ఇనస్పెక్టరు అయిపోయారు. లైట్లు, హారను, బ్రేకులు అన్నీ బాగున్నాయన్నారు. ఆఖర్న సిలిండరు తిప్పి చూశారు.

"సీలు తెగిందేమయ్యా?"

"మీ జీపు మీదే కొట్టా గదండీ."

"నేను కాదన్నానా? కానీ సీలు లేనిదానికి సంతకం ఎట్టా పెట్టను? పెట్టెలో కట్టుగుడ్డ కూడా తక్కువుంది."

తక్కువైన గుడ్డ ఆయన చేతికే ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ వరం అందుకున్నది కూడా పూజారే.

ఇమాం వెనకే వచ్చిన యలమంద లారీ, ఊరుమ్మడి పెట్టెతో, సిలిండరుతో, కిళ్ళీ నమిలినంత సేపట్లో పాసైపోయింది. యలమంద జాలిపడి, ఇవి పట్టుకెళ్ళి చూపించరా, ఐదు నిమిషాల పని అని రెండూ ఇవ్వబోయాడు. ఇమాం చెయ్యి చాచాడు. పెట్టె మూత మీద వెలిసిపోయిన ఎర్ర ప్లస్సు గుర్తు చూశాక ఆ చెయ్యి ముందుకు పోలేదు. వద్దులేరా అని లారీ తిప్పుకుని ఇంటికొచ్చాడు.

ఖుర్షిదా అంతా వింది. ఖాళీ సిలిండరు చంకనెత్తుకుని ఇమ్మానియేలు దగ్గరికి వెళ్ళి, మెడకు కొత్త తీగ చుట్టించి, సీసం కరిగించి సీలు వేయించింది. తన పాత తెల్లచీర చింపి, చుట్టలు చుట్టి పెట్టెలో సర్దింది.

మర్నాడు చైతన్యకృష్ణ గారు ఆ సీలును వేలితో తడిమి చూశారు. సిలిండరు ఎంత ఖాళీయో ఇమాం తర్వాత బాగా తెలిసిన మనిషి ఆయనే. ఇప్పుడు సక్రమంగా ఉందని, కట్టున్న చేత్తోనే సంతకం పెట్టారు.

ఇమాం పరుగున వచ్చి కాగితం భార్య చేతిలో పెట్టాడు. లోడు దక్కింది, సీజను దక్కింది. ఖుర్షిదా కాగితాన్ని మడిచి గూట్లో పెట్టి, అన్నం క్యారేజీ తీసుకుని మిరపకల్లానికి బయల్దేరింది. పాసయ్యింది కదా, మళ్ళీ ఆ మంటలోకి ఎందుకని ఇమాం అడిగాడు.

"రూలుకి సిలిండరు కుదిరింది," అంది ఖుర్షిదా. "నిప్పుకి ఇంకోటి కొనాలి గదయ్యా."