మొదటి బంతి

ఉగాది విందుకి శ్యామ్‌సుందర్ గారింటికి పిలిచారు. మా అమ్మాయి కాలేజీ మాట అక్కడే పుట్టింది.

"ఏమోయ్ దేవా, మీ అమ్మాయికి రెండు చోట్లా సీటొచ్చిందటగా?" అన్నాడాయన, గారె తుంచుకుంటూ.

"వచ్చిందండీ."

ఒకటి ఆయన చదివిన చిన్న కాలేజీ. ఇంజనీరింగ్‌కి పేరున్నదే గాని అక్కడ బ్యాండు లేదు. రెండోది పెద్ద యూనివర్సిటీ. అక్కడ ఇంజనీరింగూ గట్టిదే, ఫుట్‌బాల్ మైదానమంతా నడుస్తూ వాయించే మార్చింగ్ బ్యాండూ గట్టిదే. మా జెమీమా సూసాఫోన్ వాయిస్తుంది. ఒంటికి చుట్టుకుని భుజం మీద మోసే పెద్ద ఇత్తడి బూర అది. పిల్లకి ఆ రెండో కాలేజీయే కావాలి.

"మా కాలేజీలో చేర్పించు. ఇంజనీర్ని చేస్తావా, మేళగత్తెని చేస్తావా?" అని ఆయన నలుగురికీ వినపడేట్టు నవ్వాడు. "అయినా మేళం మీ వాళ్ళకి రక్తంలోనే ఉందిలే."

అందరూ నవ్వారు. నా భార్య లూసీ తల దించుకుంది. మా నాన్న రేపల్లె వైపు పెళ్ళిళ్ళలో బ్యాండు మేళానికి పెద్ద బూర ఊదేవాడని ఎప్పుడో మాటల్లో ఆయనకి చెప్పింది తనే.

కారెక్కాక జెమీమా అడిగింది. "డాడీ, మేళం అంటే ఏంటి? వై వర్ దే లాఫింగ్?"

"మీ తాతయ్య వాయించేది. ఊరేగింపు ముందు నడిచేవాళ్ళు. భోజనాలకి మాత్రం ఆఖరి బంతి. అదీ పందిరి బయట."

"బంతి అంటే బాల్ కదా?"

"ఇది తినే బంతి. ఆకులేసి వరసగా కూర్చోబెడతారు. ఒక వరస లేచాక ఇంకో వరస."

"ఫస్ట్ నడిచినవాళ్ళు లాస్ట్ తినాలా?"

లూసీ ముందు సీట్లోంచి వెనక్కి తిరగలేదు. మా ఇంట్లో బైబిల్ తర్వాత శ్యామ్‌సుందర్ గారి మాటే. "ఆయన చెప్పింది మన మంచికే. ఆ మేళం వాసన అమెరికాకీ ఎందుకు? చిన్న కాలేజీకే ఓకే చెప్పేద్దాం. మే ఒకటి లాస్ట్ డేట్" అంది. జెమీమా తల్లి మాట దాటే పిల్ల కాదు. కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

నేను కారు పోనిస్తూనే ఉన్నాను. పగ పట్టినవాడికి మాటలు అడ్డం.

ఏప్రిల్ చివరి శనివారం ఆయన కూతురు ఇషా పెళ్ళి. హాలు మా ఊరు నేపర్‌విల్‌లోనే. గుర్రం మీద పెళ్ళికొడుకు, ముందు డీజే ట్రక్కు, తర్వాత అరిటాకుల్లో భోజనం. ఈ సంగతులు ఆయన నెలల ముందు నుంచే ఊరంతా చెప్పాడు. ఇంకో వారం ఉందనగా మా ఇంటి బెల్లు మోగింది. ఆయన మా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.

"దేవకుమార్ గారూ" అన్నాడు. 'గారు' ఆ రోజే పుట్టింది. "డీజే ట్రక్కుకి సిటీవాళ్ళు పర్మిషన్ క్యాన్సిల్ చేశారండీ. మైకులు లేకుండా వాయించే బ్యాండైతే పర్లేదంటున్నారు. ఇషా ఒకటే ఏడుపు. మన జెమీమా వాళ్ళ స్కూల్ బ్యాండ్ పిల్లల్ని కాస్త తీసుకొస్తే..."

మన జెమీమా అట.

"వస్తారండీ" అన్నాను. "పిల్లలకి భోజనం పెట్టండి చాలు."

"అయ్యో, దానికేం భాగ్యం!"

"మొదటి బంతిలో. మీ చేత్తో వడ్డించాలి."

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉంది గాని కళ్ళు మారాయి. "మొదటిది మగపెళ్ళివారిదండీ. మా వియ్యంకుడు బ్రహ్మయ్య గారికి పట్టింపులు జాస్తి."

"అయితే వేరే మేళం చూసుకోండి."

లూసీ వంటింట్లోంచి వింటూనే ఉంది. కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన కాఫీ తాగకుండానే ఒప్పుకుని లేచాడు.

పెళ్ళిరోజు పిల్లలు బ్రహ్మాండంగా వాయించారు. జెమీమా బూర ఎండలో మెరుస్తూ అందరికంటే ముందు నడిచింది. తర్వాత డ్రమ్ములు కొట్టిన తెల్ల పిల్లలు, బాకాలు ఊదిన నల్ల పిల్లలు యూనిఫాంలతోనే ఆకుల ముందు కూర్చున్నారు. పెద్దవాళ్ళం నేనూ లూసీ కూర్చున్నాం. వరస నిండిపోయింది.

అప్పుడొచ్చాడు బ్రహ్మయ్య గారు, బంధువులందర్నీ వెంటేసుకుని. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఏంటి బావగారూ, మొదటి బంతి ఎవరిది?"

శ్యామ్‌సుందర్ గారు పప్పు బకెట్టు పట్టుకుని నా వైపు చూశాడు. నేను చూపు తిప్పలేదు.

"మేళం వాళ్ళదండీ" అన్నాడు లోగొంతుకతో.

"ఎవరిదీ?"

"మేళం వాళ్ళదండీ!"

ఈసారి హాలంతా వింది. బ్రహ్మయ్య గారు కండువా దులిపి భుజానేసుకున్నాడు. "మాకంటే మేళం ఎక్కువైందన్నమాట. మంచిది బావగారూ, మంచి మర్యాదే చేశారు" అని వెనక్కి తిరిగి వెళ్ళి, పార్కింగ్ లాట్‌లో కారెక్కి కూర్చున్నాడు. ఎవరు వెళ్ళి బతిమాలినా అద్దం దించలేదు. ఈ మాట ఇషా అత్తారింట్లో ఏళ్ళ తరబడి వినాల్సి వస్తుంది. అది నాకు తెలుసు. తెలిసే అడిగాను.

శ్యామ్‌సుందర్ గారు ఒక్కొక్క ఆకు దగ్గరా వంగుతూ వచ్చాడు. ఒకచోట పప్పు ఆకు బయట పడింది. లూసీ ముందుకి వచ్చేసరికి ఆమె తలెత్తింది.

"అన్నయ్యగారూ, ఇప్పుడు చెప్పండి. మా అమ్మాయిని ఏ కాలేజీకి పంపమంటారు?"

"మీ ఇష్టమమ్మా" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు. లూసీ కూడా విని ఉండదు. కూతురి వైపు తిరిగి, "బ్యాండున్న దానికే ఓకే చెప్పవే" అంది.

జెమీమా ఎడమ చేత్తో జేబులోంచి ఫోన్ తీసింది.

"ఎడం చేత్తోనా!" అంది లూసీ.

"కుడి చేతికి పప్పుంది మమ్మీ" అని, ఎడమ బొటనవేలితోనే 'ఓకే' నొక్కేసింది. పక్కన కూర్చున్న డ్రమ్ముల పిల్లాడు సంగతి తెలిసి బల్ల మీద దరువేశాడు. వరసంతా అందుకుంది.

నా ఆకులో అన్నం ఇంకా ఉంది. ఆకలీ తీరింది. అయినా చెయ్యెత్తి పిలిచాను.

"ఏమోయ్ శ్యామ్, ఇటు ఇంకొంచెం పప్పు."