ఎలీసమ్మ కళ్ళం మీద మబ్బు

ఆ ఏడు ఎలీసమ్మ కౌలు చేలో కాసిన మిరపకాయల ఘాటు ఎంతంటే, కళ్ళం మీదుగా ఎగిరిన కాకి తుమ్ముకుంటా తుమ్ముకుంటా దర్శి దాకా పోయి, అక్కడ ముక్కు తుడుచుకుని గానీ వాలలేదంట. ఎనభై నాలుగు, మార్చి నెల. ఎకరం పంటా కళ్ళంలో ఆరబోసి ఉంది. దాని మధ్యన నిలబడి కాళ్ళతో కాయలు తిరగేస్తుంటే ఎలీసమ్మకి నేలేదో ఆకాశమేదో తెలిసేది కాదు. పొద్దుగూకేటప్పటి మబ్బుల్లో నడుస్తున్నట్టే ఉండేది.

భయమల్లా వానంటేనే. తడిసిన కాయ తెల్లబడిపోద్ది, ఎవరూ కొనరు. అందుకే ఆదివారం గుడిలో లేచి సాక్ష్యం చెప్పేసింది. "నా కాయల మీద చుక్క పడనియ్యడు నా ప్రభువు." సంఘమంతా ఆమెన్ అంది.

సోమవారం మధ్యాహ్నం శేషాచలం మేష్టారు సైకిలు మీద వచ్చాడు, చంకలో పచ్చడి జాడీ అంత సీసాతో. బళ్ళో సైన్సు చెప్తాడాయన. సీసా మూతికి బుడగ రబ్బరు బిగించి, దాని మీద చీపురుపుల్ల అంటించాడు. గాలి బరువు తగ్గితే పుల్ల కొన కిందికి దిగుద్ది.

"ఎలీసమ్మా, పుల్ల కొన దిగిపోతోంది. సాయంత్రానికి వాన. పట్టాలు కప్పు."

"ఊరందరి ముందరా చెప్పానండి. ఇప్పుడు కప్పితే ఆయన్ని నమ్మనట్టేగా?"

మొగుడు దానయ్య గట్టు మీద కూర్చుని చుట్ట నలిపాడు. "కప్పితే సంఘం నవ్వుద్ది. కప్పకపోతే కాయలు ఏడుస్తాయి. తేల్చుకోవే."

పడమటి నించి మబ్బు బయల్దేరింది. గేదెలాగా నింపాదిగా, నెమరేసుకుంటా వస్తోంది. ఎలీసమ్మ కళ్ళు మూసుకుంది, తెరిచింది. మేష్టారు సీసా ముందర గొంతుక్కూర్చుని పెదాలు కదుపుతున్నాడు.

"ఏంది మేష్టారూ, సీసాతో మాటలా?"

"దండం పెట్టుకుంటున్నా. వాన తప్పిపోవాలని."

"వస్తదని మీ సీసాయే అంటంటే?"

"వస్తుందని చెప్పేది సీసా. రాకూడదని అడిగేది నేను. సీసాకి అడగటం రాదు కదమ్మా."

ఎలీసమ్మ ఆదివారం తన నోటెంట వచ్చిన మాటలు ఒక్కొక్కటే తిరగేసుకుంది, కాయలు తిరగేసినట్టు. చుక్క పడకూడదంది. ఎక్కడ? కాయల మీద. ఆకాశాన్ని ఆపమనలేదు. ఎట్టా ఆపాలో ఆయనకి చెప్పనూలేదు.

"లేవయ్యా," అంది దానయ్యతో. "గుడి వెనక గదిలో ప్రార్థన కూడికలకి పందిరేసే పట్టా ఉంది, పట్టుకురా."

ముగ్గురూ కాయలు కుప్పేసి కప్పేసరికి మబ్బు కళ్ళం మీదికొచ్చి, ఏందా వాసనని వంగి, తుమ్మింది. ఆ తుమ్ముకి చుట్టూ పత్తి చేలల్లో మిగిలిన దూదంతా లేచి కొంగల్లాగా తిరిగింది. వెనకే వాన. ముగ్గురూ పట్టా అంచు కింద దూరారు. లోపల వెచ్చగా, ఎర్రగా, పొయ్యి నిప్పుల వెలుతురులా ఉంది.

వెలిశాక ఎలీసమ్మ కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. గలగలమంది.

"నా దండమే ఓడింది," అన్నాడు మేష్టారు తల తుడుచుకుంటా.

"ఎవరి కాయల కోసం పెట్టారండి?"

"నీ కాయల కోసమే."

"మరి తడిశాయా?"

మేష్టారు కుప్పలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి చూశాడు. సీసా మీద పుల్ల కొన మెల్లగా పైకి లేస్తోంది. ముగ్గురూ దానికేసే చూస్తా కూర్చున్నారు.