చంటిపిల్లల గదిలో మందునీళ్లు

పదకొండు గంటలకు బిడ్డకు పాలిచ్చి వచ్చిన కోడలు మురికి దుప్పట్లు వేరుచేసే బల్ల దగ్గర నిలబడి, రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకుని పళ్లు బిగబట్టింది. ఇస్త్రీ చేస్తున్న అత్త అది చూసింది. నాలుగు రోజులుగా చూస్తూనే ఉంది, అడిగితే ఏమీ లేదంటోంది.

ఆసుపత్రి కింది అంతస్తులో బట్టలు ఉతికే విభాగం వాళ్లది. పై అంతస్తుల్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, వాళ్ల దుప్పట్లు మాత్రం కిందికే వస్తాయి.

"ఏమైందే అమ్మాయ్? ఇవాళ చెప్పకపోతే నేనూరుకోను."

కోడలు పక్కకు తిరిగి జాకెట్టు కాస్త పక్కకి తీసి చూపించింది. చనుమొన చుట్టూ చర్మం తెల్లగా పొలుసులు లేచి, అడ్డంగా చీలి ఉంది. చీలికలో నెత్తురు.

"నిన్న పాప మూతికి నెత్తురంటుకుందత్తయ్యా. శుభ్రమ్మ చూసి, మురికి వల్లే ఇలా అవుతోంది, పాలిచ్చే ముందు మందునీళ్లతో రెండేసిసార్లు తుడవమంది. తగ్గకపోతే సోమవారం నుంచి డబ్బాపాలూ సీసా తెచ్చుకోమంది."

పనికొచ్చే తల్లులు బిడ్డల్ని వదిలే చంటిపిల్లల గదిని చూసుకునే ఆవిడకు శుభ్రమ్మని పేరు పెట్టింది ఆ విభాగమే. గడపలో చెప్పు కనిపిస్తే చాలు, గావుకేక పెడుతుంది.

అత్తకు డబ్బాపాలన్న మాట చెవిలో సీసం పోసినట్టయింది. తన కొడుక్కి మూడో నెలలోనే చన్ను మాన్పించి ఈ పనిలోకి వచ్చింది తను. వాడు రెండు రోజులు గోడవైపు తిరిగి ఏడ్చాడు. మూడో రోజు ఏడుపు మానేశాడు, అదే ఇంకా భయమేసింది. వాడికిప్పుడు ముప్ఫై ఏళ్లు. అదేమీ వాడికి గుర్తుండదు. ఆమెకు గుర్తుంది.

ఇస్త్రీపెట్టె తీగ పీకేసి, కోడలి రెక్క పట్టుకుని బయల్దేరింది.

చంటిపిల్లల గదిలో మరో ఇద్దరు తల్లులు వరుసలో ఉన్నారు. గోడకు అట్టముక్క: "పాలిచ్చే ముందు రొమ్ము మందునీళ్లతో తుడవవలెను." కింద స్టీలు ముంత, అందులో దూది. ముందున్న తల్లి అప్పుడే వార్డు దుప్పట్లు విప్పి వచ్చింది, వాటి మీద ఏమేమి ఉంటాయో అత్తకు తెలుసు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ చేత్తోనే దూది తీసి, ఛాతీ తుడుచుకుని, బిడ్డను ఎత్తుకోబోయింది.

"ఆగవే! చేతులు కడుక్కోవూ?"

"కుళాయి రావట్లేదు కదా పెద్దమ్మా. నెల దాటింది."

అత్త కుళాయి తిప్పింది. బుస్సుమని గాలి వచ్చింది. సబ్బుపెట్టెలో సాలీడు గూడు కట్టుకుంది.

"శుభ్రమ్మా! ఇదేనా నీ శుభ్రం? పెంట పట్టిన చేతుల్ని వదిలేసి, పాలిచ్చే చోటు మందుతో తోముతావా? అదేమైనా గచ్చనుకున్నావా?"

"నా మీదెందుకు అరుస్తావు పెద్దమ్మా? ఆ మధ్య ఒక పాపకు విరేచనాలైతే మేనేజరు నన్ను నిలబెట్టి కడిగేశాడు. రేపు ఇంకో బిడ్డకేమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలి? నువ్వా?"

"అయితే దుప్పట్లు నానేసే మందు తెచ్చి తల్లుల ఒంటికి రాస్తావా? ఎవరు చెప్పారు నీకు?"

శుభ్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎవరు చెప్పడమేంటి? ఆ డబ్బా నువ్వే ఇచ్చావుగా! ఎంత పాడు వాసనైనా ఇట్టే వదులుతుంది, రెండు మూతలేస్తే చాలని చెప్పింది ఎవరు?"

నిజమే. డబ్బా తనే ఇచ్చింది, దేనికని అడగలేదు. మందువాసన వస్తేనే శుభ్రమని ముప్ఫై ఏళ్లుగా నమ్మిన మనుషులు వాళ్లందరూ. సిగ్గుతో ముఖం కాలిపోయింది. ఆ సిగ్గు కోపాన్ని తగ్గించకపోగా రెట్టింపు చేసింది.

"ఇచ్చాను. నాదీ తప్పే. మన నెత్తి మీద మూడంతస్తుల ఆసుపత్రి ఉంది కదే, ఒక్కరమైనా మెట్లెక్కి అడిగామా?"

ముంతలో నీళ్లు తూములో పారబోసి, కాన్పుల వార్డుకు తనే ఎక్కింది. తిరిగొచ్చేటప్పుడు వెంట పెద్ద నర్సు ఉంది.

నర్సు కోడలి ఛాతీ చూసి, జ్వరముందేమో నుదురు తాకి చూసింది. తర్వాత అట్టముక్క చదివింది. ముఖం ఎర్రబడింది.

"ఇది రాసినవాళ్లు దీంతో రోజుకు ఆరుసార్లు పెదాలు తుడుచుకుని చూడండి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ప్రతిసారీ. రొమ్ముకు స్నానంలో మామూలు నీళ్లు చాలు, సబ్బు రుద్దొద్దు. పాలిచ్చాక రెండు చుక్కల పాలు పిండి మొన మీద రాసి ఆరనివ్వండి. తడిసిన గుడ్డ ఒంటి మీద ఉంచుకోవద్దు. గడ్డ కట్టినా, జ్వరమొచ్చినా పాలు మానకండి, వెంటనే పైకి రండి."

"మరి సీసా?" అడిగింది కోడలు.

"ఎందుకమ్మా సీసా? నీ పాలకేం రోగం?" నర్సు తనతో తెచ్చిన నీళ్లతో కోడలి చేతులు కడిగించి, పాపను తిప్పి పట్టించింది. "మొన ఒక్కటే కాదు, నల్లటి భాగమంతా నోట్లోకి పోనివ్వు."

కోడలు కళ్లు మూసుకుంది. మొదటి గుక్కకు ఒళ్లంతా బిగుసుకుంది. తర్వాత మెల్లగా భుజాలు దించింది.

అత్తకు ఏడుపొచ్చింది కానీ ఏడిచే తీరిక లేదు. నేరుగా మేనేజరు గదికి వెళ్లింది.

"కుళాయా? రాసి పంపాం పెద్దమ్మా. ప్లంబరు ఊళ్లో లేడు. వచ్చే వారం చూద్దాం."

"వచ్చే వారం దాకా పిల్లలు ఆకలి ఆపుకుంటారా బాబూ?"

ఆయన ఫోను ఎత్తాడు, ఇక వెళ్లమన్నట్టు.

అత్త వెళ్లింది. పావుగంటలో ఆమె వెంట ఆరుగురు తల్లులు, ఆరుగురు బిడ్డలతో వచ్చి ఆ గది గుమ్మం ముందు నేల మీద కూర్చుని పాలివ్వడం మొదలుపెట్టారు. ఆరో తల్లి పక్కన, తలొంచుకుని, బకెట్టుతో నీళ్లూ సబ్బుబిళ్లా పట్టుకుని శుభ్రమ్మ కూడా ఉంది. మేనేజరుకు ఎటు చూడాలో తెలియలేదు. కిటికీ చూశాడు, పైకప్పు చూశాడు.

"ఇదేంటి పెద్దమ్మా, ఇక్కడా?"

"అక్కడ నీళ్లు లేవు బాబూ. మీ గదిలో కుళాయి బాగా వస్తుందట."

అరగంటలో ప్లంబరు వచ్చాడు. ఊళ్లోనే ఉన్నాడట.